చలికాలపు సైకిలు ప్రయాణమునకు తగిన కోటు



శివరాత్రికి చలి శివశివా యనుచు పోవునని మన సామెత. కాని కార్తికము మొదలు శివరాత్రి వరకు తెల్లవారుజామున సైకిలెక్కవలసిన వారికి ఆ సామెత యంతగా ఓదార్పు నీయదు. పాలబిందెలు క్యారియరునకు కట్టుకొని పోవువారు, ఇంటింట వార్తాపత్రికలు వేయు పిల్లలు, మొదటి బస్సు నందుకొనుటకు ప్రక్కయూరికి పోవు విద్యార్థులు, కూరగాయలతో సంతకు పోవు రైతులు, వీరందరును ఎండ పొడచూపక మునుపే బాటలో నుందురు. వీరికి వెచ్చగాను తేలికగాను ఉండు పైకోటు నెట్లు ఎన్నుకొనవలెనో నేడు మనవి చేయదలచితిని. ఇంటికి బట్టలు కొనునపుడు తుదిమాట మీదే గనుక, ఈ సంగతి మీతోనే ముచ్చటించుట యుక్తమని తోచినది.

బజారులో దీనిని జాకెట్టందురు. మన యిండ్లలో జాకెట్టనగా ఆడువారి రవిక. అందుచేత అంగడిలో ఆ మాట వినగనే పెద్దలు కొంచెము తడబడుదురు. నేను ఈ ప్రసంగమున కోటు అనియే చెప్పెదను.

నాకీ విషయమున శ్రద్ధ కలుగుటకు ఒక కారణము కలదు. కొన్ని యేండ్ల క్రిందట ఆదిలాబాదు ప్రాంతమున పుష్యమాసములో నొకనాడు, బంధువుల యింటినుండి ఎనిమిది కిలోమీటర్ల దూరమున నున్న బస్సుస్టాండునకు సైకిలుమీద పోవలసివచ్చినది. చలికి జడిసి బనియను, దానిపై దళసరి నూలుచొక్కా, దానిపై బరువైన ఉన్నికోటు, అన్నింటిపైని శాలువ, ఇన్నియు కప్పుకొని బయలుదేరితిని. మొదటి పది నిమిషములు హాయిగానే యుండెను. సగము దారి పోవునప్పటికి వీపున చెమట కారజొచ్చెను. అంతలో శాలువ జారి, దాని కొంగు వెనుకచక్రపు పుల్లలలో చిక్కుకొనెను. సైకిలు ఒక్కమారుగా నిలిచిపోగా నేను బాటప్రక్కనున్న కందిచేని గట్టుపై పడితిని. దెబ్బ పెద్దది కాలేదు. ఆ శాలువ నా మెడకు చుట్టి ముడివేసుకొని యుండినచో నేమయ్యెడిదో తలచుకొన్న నేటికిని ఒళ్ళు జలదరించును.

ఎట్లో బస్సుస్టాండు చేరితిని. అచ్చట అరగంట నిలువవలసివచ్చినది. చెమటకు తడిసిన చొక్కా వీపున కంటుకొని, పండ్లు టకటక కొట్టుకొనునట్లు వణకితిని. నా వెనుకనే సైకిలుపై వచ్చిన యొక కుఱ్ఱవాడు పలుచని స్వెటరు, దానిపై కాగితమువంటి నైలానుకోటు మాత్రము తొడుగుకొని, నవ్వుచు టీ త్రాగుచుండెను. వాని బట్టలన్నియు కలిపినను నా శాలువ యంత తూగవు. నాలుగు బట్టలు కప్పుకొన్న నేను వణకుటకును, రెండు బట్టల కుఱ్ఱవాడు హాయిగా నుండుటకును కారణమేమి? దీనిని విచారించినచో కోటు నెన్నుకొను విధము దానంతటదియే తెలియును.

బట్ట వేడిని పుట్టింపదు. వేడిని పుట్టించునది మన దేహమే. బట్ట చేయు పని ఆ వేడిని త్వరగా పోనీయక నిలుపుట. అదియైనను బట్టయొక్క బరువువలన జరుగదు. బట్టలో చిక్కుకొని కదలక నిలిచిన గాలివలన జరుగును. నిలిచిన గాలి వేడిని మిక్కిలి మెల్లగా దాటనిచ్చును. నీరు గాలికంటె సుమారు ఇరువదియైదు రెట్లు వేగముగా వేడిని దాటనిచ్చును. మన ఇంటి ఆడువారు పాతచీరలు పొరలు పొరలుగా పరచి కుట్టు బొంతను చూడుడు. పాతచీర యొక్కొక్కటియు చలి నాపదు. కాని పొరల నడుమ గాలి నిలిచియుండుటచేత బొంత వెచ్చగా నుండును. అదే బొంతను నీట తడిపి కప్పుకొన్నచో పొరలలో గాలి పోయి నీరు చేరును గనుక వణకు పుట్టును. వెచ్చని కోటులోని రహస్యమంతయు ఈ బొంతలోనే యున్నది.

ఊరక కూర్చుండువానికి ఇంతవరకు తెలిసిన చాలును. సైకిలు తొక్కువానికి మఱి రెండు చిక్కులు కలవు.

మొదటిది గాలి. ఆకు కదలని ఉదయమున సైతము, గంటకు 20 కిలోమీటర్ల వేగమున పోవువానికి అంత వేగము గల గాలి ఎదురుగా కొట్టినట్లే యగును. ఆ గాలి బట్టలో నిలిచిన వెచ్చని గాలిని తరిమివేయును. చలిగాలి దేహమునెట్లు చల్లార్చునో అమెరికా, కెనడా దేశములవారు 2001లో ఒక లెక్క కట్టిరి. ఆ లెక్క ప్రకారము ఉష్ణోగ్రత 10 డిగ్రీలున్నపుడు 20 కిలోమీటర్ల గాలి తగిలినచో, బయటపడిన చర్మమునకు సుమారు 7 డిగ్రీల చలివలె తోచును. 5 డిగ్రీలున్నచో 1 డిగ్రీవలె తోచును. ఆదిలాబాదు ప్రాంతమున చలికాలపు ఉదయములు 10 డిగ్రీలకు దిగువకు పోవుట క్రొత్త కాదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగివంటి కొండయూళ్ళలో కొన్ని రాత్రులు సున్న డిగ్రీల చేరువకు దిగును. అట్టి చోట్ల సైకిలుగాలి తోడైనచో చలి యెంతటిదో మీరే యూహింపవచ్చును.

రెండవ చిక్కు చెమట. ఊరక కూర్చున్న మనిషి దేహము సుమారు 100 వాట్ల వేడిని వెలిపుచ్చును. అనగా పూర్వపు గాజుబల్బు ఒక్కటి వెలిగినంత. సైకిలు తొక్కునపుడు ఈ వేడి నాలుగైదింతలు కావచ్చును. ఏలయన కండలు వాడుకొను శక్తిలో నాలుగవవంతు మాత్రమే చక్రమును త్రిప్పుటకు పోవును. తక్కిన మూడువంతులును వేడిగా మారును. బరువైన కోటులో ఈ వేడికి దారి లేదు. దేహము చల్లబడుటకై చెమట పోయును. ఆ చెమట బయటికి పోజాలక బట్టలను తడుపును. దిగి నిలిచిన తోడనే వేడి పుట్టుట తగ్గును, తడి మాత్రము మిగులును. నేను బస్సుస్టాండులో వణకుటకు కారణ మిదియే. చలి నాకు బయటినుండి రాలేదు. నా కోటులోనే దానిని తయారు చేసికొంటిని.

కావున సైకిలు తొక్కువాని కోటునకు మూడు గుణము లుండవలెను: ఎదుటి గాలి నాపవలెను, లోపలి గాలిని కదలక నిలుపవలెను, చెమట యావిరిని పోనీయవలెను. ఒక్క దళసరి బట్ట ఈ మూడు పనులను చేయలేదు. రెండు మూడు పలుచని బట్టలు పంచుకొని చేయగలవు.

మన గొంగడి మాటేమని పెద్దలు అడుగవచ్చును. గొంగడి యన్న నాకును గౌరవమే. దక్కను గొఱ్ఱెల ఉన్నితో కురుమలు నేయు గొంగడి మంచెపై కావలి కూర్చున్న రైతునకు, మందవెంట నిలుచున్న కాపరికి దొడ్డ బట్ట. సన్నని జల్లు దానిలో నింకక జారిపోవును. కాని అది నిలిచినవానికై పుట్టిన బట్ట. సైకిలుపై దాని బరువు చెమటను పుట్టించును, దాని యంచు చక్రమును వెదకికొనును. శాలువకు, రగ్గునకు, పొడవైన మఫ్లరునకు, ఆడపిల్లల చున్నీకి గూడ ఇదే దోషము. సైకిలు తొక్కువాని మేన వ్రేలాడు బట్ట యేదియు నుండరాదు.

తేలికబట్ట చలికి చాలునా యని సందేహించువారికి ఒక కథ చెప్పెదను. 1922లో ఆంగ్లేయులు ఎవరెస్టు శిఖర మెక్కుటకు పోయినపుడు, తక్కినవారందరు ఉన్నికోట్లు, ఉన్నిబట్టలు పొరలుగా తొడుగుకొనిరి. ఆ జట్టులో జార్జి ఫించి యను రసాయనశాస్త్రజ్ఞుడు వేరొక కోటు కుట్టించుకొనెను. బెలూనులకు వాడు దట్టపు నేత గుడ్డతో పైపొర, దాని లోపల ఒక జాతి బాతు రొమ్మున నుండు మెత్తని నూగు. బొంత కుట్టినట్లు గదులు గదులుగా కుట్టినది. తోడివారు మొదట దానిని వింతగా జూచిరి. ఆ కొండపై ఫించి సుమారు 8,300 మీటర్ల యెత్తువరకు పోయెను. పైగుడ్డ గాలి నాపెను, నూగు గాలిని నిలిపెను. బరువు మాత్రము కొంచెమే. నేడు బజారులో నమ్ము ఉబ్బిన కోట్లును ఆ తీరువే.

అట్లని మన సైకిలువానికి బాతునూగు కోటు కొనుమని చెప్పను. అది యెండు చలికి, మందగమనమునకు శ్రేష్ఠము. చెమటకో మంచుకో తడిసినచో నూగు ఉండలు కట్టి గాలిని నిలుపజాలదు. వెల గూడ అధికము. మన చలికి తగినవి వేరుగా కలవు.

దేహమునకు తగులు బట్ట చెమటను పట్టియుంచరాదు. నూలుబనియను ఎండకాలమున చల్లన. అనగా చలికాలమున శత్రువు. నూలు నీటిని పీల్చి తడిగానే యుంచుకొనును. పలుచని ఉన్నిబనియను గాని, ఆటగాండ్రు తొడుగు పాలియెస్టరు బనియను గాని మేలు. ఉన్ని తన బరువులో మూడవవంతుకు కొంచెము తక్కువ ఆవిరిని పీల్చుకొనియు తడిసినట్లు తోపనీయదు. పాలియెస్టరు నీటిని పీల్చనే పీల్చదు. చెమటను పైకి తోలును. ఇంట నూలుబనియనులే యున్నచో, ఒక పొడి బనియనును సంచిలో పెట్టుకొని, గమ్యము చేరగనే మార్చుకొనవలెను. ఈ యొక్క అలవాటు సగము కోటుతో సమానము.

దానిపై నడిమిబట్ట. చేతితో అల్లిన పలుచని ఉన్నిస్వెటరు చాలును. లేనిచో ఫ్లీసు అను గుడ్డ కలదు. 1979లో అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున పుట్టిన దిది. పాలియెస్టరును అల్లి, బొచ్చు లేచునట్లు గీకిన గుడ్డ. తడిసినను త్వరగా ఆరును. దీనిని చదరపు మీటరునకు 100, 200, 300 గ్రాములని తూనికచేత గుర్తింతురు. సైకిలునకు 100 రకము, కొండయూళ్ళలో 200 రకము చాలును. 300 రకము చలిమంట కడ కూర్చుండువారికి తగును. కాని ఫ్లీసు గాలిని జల్లెడవలె విడుచును. ఇంట నిలిచినపుడు వెచ్చగా నుండి, సైకిలెక్కగనే చలి పుట్టించినదని కొందరు దానిని నిందింతురు. దోషము ఫ్లీసుది కాదు. పైగుడ్డ లేకపోవుట దోషము.

ఆ పైగుడ్డయే అన్నిటికంటె ముఖ్యము. దీనిని విండుచీటరందురు. దట్టముగా నేసిన పలుచని నైలాను లేక పాలియెస్టరు కోటు. చాలవానికి లోపలి గుడ్డ గూడ నుండదు. 100 మొదలు 200 గ్రాముల బరువుండును. మడిచిన జేబులో పట్టును. చూచుటకు అల్పము, కాని గాలి నాపి లోపలి స్వెటరు నిలిపిన వేడిని కాపాడునది ఇదియే. వానకోటును దీనికి బదులుగా కొనరాదు. రబ్బరు లేక ప్లాస్టికు పూసిన వానకోటు గాలి నాపును గాని, ఆవిరిని సైతము ఆపి లోపల వాన కురిపించును. నీటిని రానీయక ఆవిరిని పోనిచ్చు సన్నరంధ్రముల పొర యొకటి కలదు. 1969లో అమెరికాలో బాబ్ గోర్ కనిపెట్టినది. అది మంచిదే కాని వెల యెక్కువ. పుష్యమాసమున వాన అరుదుగా నుండు మన మెట్టసీమలలో దాని యవసరము తక్కువ.

ప్రాంతమునుబట్టి పొరలను పెంచుటయు తగ్గించుటయు మీ చేతిలోనిది. కృష్ణా, గుంటూరు సీమలలో చొక్కాపై విండుచీటరు మాత్రమే చాలును. తెలంగాణపు ఉత్తర జిల్లాలలో నడుమ స్వెటరు చేర్చవలెను. ఏజెన్సీ కొండలలో పై మూడును కావలెను.

ఇక అంగడిలో పరీక్షించు విధము. గుడ్డను పెదవులకు చేర్చి గట్టిగా ఊదుడు. ఊపిరి సులభముగా అవతలికి పోయినచో గాలియు పోవును. అసలే పోనిచో చెమట యావిరికి దారి యుండదు. అట్టి కోటునకు చంకల క్రింద రంధ్రములో, వీపున వలగుడ్డయో యున్నదేమో చూడుడు. గాలి తగులునది రొమ్మునకు గనుక, ముందు భాగము దట్టముగాను వెనుక భాగము పలుచగాను ఉన్న కోటు సైకిలునకు మిక్కిలి తగినది.

పిమ్మట స్వెటరుపై కోటు తొడిగి, నిలువుటద్దము ముందు నిటారుగా నిలువక, హ్యాండిలు పట్టుకొన్నట్లు చేతులు చాచి వంగుడు. అప్పుడు చేతులు మణికట్టు వరకు రావలెను. వెనుక నడుము కానరాకుండవలెను. నిలిచినపుడు సరిపోయిన కోట్లు వంగినపుడు పొట్టివగుట తఱచు. బిగువైనచో లోపలి బట్టల నదిమి గాలిని వెడలగొట్టును. వదులైనచో తిత్తివలె ఊగి చలిగాలిని లోపలికి ఊదును. మెడపట్టీ గడ్డము వరకు లేవవలెను. ముంజేతులకు సాగు పట్టీ లుండవలెను. జిప్పు పై నుండి క్రిందివరకు నుండుట యవసరము. వేడి యెక్కినపుడు తొక్కుచునే దానిని జానెడు దింపినచో చెమట పట్టకమునుపే వేడి వెడలును. తలుపులు తెరచి మూయు ఇల్లువంటిది మంచి కోటు.

రంగు విషయమున పెద్దలు, పిల్లల నడుమ వాదము వచ్చుట సహజము. మాయదని పెద్దలు నలుపును, గోధుమరంగును ఎన్నుదురు. మంచు కమ్మిన బాటపై లారీ నడుపువానికి అవి కనబడవు. పసుపు, నారింజ, తెలుపు రంగులు మేలు. రంగుకంటెను మేలైనది దీపపు వెలుగును తిరుగగొట్టు పట్టీ. అది వీపునను చేతులమీదను లేనిచో కొని కుట్టింపుడు. వెచ్చదనము సుఖమునకు, ఈ పట్టీ ప్రాణమునకు.

క్రొత్తకోటు కొనుటకు చేయి ఆడని యింట ఒక ఉపాయము కలదు. పాతస్వెటరు నొకదానిని ఊరి దర్జీకిచ్చి, రొమ్మువైపు లోపల గొడుగుగుడ్డ నొక పొరగా కుట్టింపుడు. వీపువైపు కుట్టింపవలదు. ముందు గాలి ఆగును, వెనుక ఆవిరి పోవును. అదియు లేనినాడు స్వెటరునకును చొక్కాకును నడుమ రొమ్మున వార్తాపత్రికను మడిచి పెట్టుకొనవచ్చును. ఇది పేదవాని యుక్తియని చిన్నచూపు వలదు. ఫ్రాన్సు దేశమున 1903లో పుట్టిన గొప్ప సైకిలుపందెమున, పర్వతములు దిగునపుడు ఘనులైన పందెగాండ్రే రొమ్మున పత్రికలు దోపుకొనుచు వచ్చిరి.

మూడు హెచ్చరికలు చేసి ముగించెదను. నైలాను, పాలియెస్టరు కోట్లతో చలిమంట దగ్గర కూర్చుండరాదు. నూలుగుడ్డ కాలి బూడిదయగును. ఇవి కరగి చర్మమునకు పట్టుకొనును. నిప్పురవ్వ పడినను కోటు చిల్లియగును. మంట కాచుకొనుటకు గొంగడియే తగును. ఈ కోట్లకు ఇస్త్రీపెట్టె తగిలింపరాదు. రెండవది, చెమటకు జడిసి చలితోనే బయలుదేరుట మంచిది. గుమ్మము దాటునపుడు కొంచెము చలి వేయవలెను. పది నిమిషములు తొక్కగనే సమమగును. గుమ్మములోనే వెచ్చగా నున్నవాడు దారిలో తడియును. మూడవది పెద్దలమైన మనకే సంబంధించినది. చలికి రక్తనాళములు ముడుచుకొని రక్తపుపోటు పెరుగును. గుండెజబ్బు, రక్తపుపోటు, ఉబ్బసము గలవారు ఎంత మంచి కోటున్నను ఎండ వచ్చినపిదపనే సైకిలెక్కవలెను. కోటు చలి నాపునే గాని గుండెకు కాపలా కాయదు.

నా శాలువ నేటికిని నా యింటనే యున్నది. కొంగున చక్రము చింపిన చోట మాటు వేయించితిని. ఇప్పుడది అరుగుపై కూర్చుండునపుడు మాత్రమే నా భుజమెక్కును. సైకిలెక్కునపుడు పలుచని స్వెటరు, పసుపుపచ్చని విండుచీటరు తొడుగుకొందును. మొదటినాడు చూచి ఊరిపిల్లలు నవ్విరి. నేనును వారితో కూడ నవ్వితిని. మీ యింట తెల్లవారుజామున బయలుదేరు పిల్లవాడున్నచో, వానికి మరొక దుప్పటి కప్పకుడు. ఎదుట గాలి నాపుడు, వెనుక చెమటను పోనీయుడు. చలి సంగతి వాని దేహమే చూచుకొనును.